రెండో తాడు

"తాడిచెట్టు ఎందుకెక్కావురా?" అంటే "దూడగడ్డి కోసం" అన్నాడట వెనకటికొకడు. "తాడిచెట్టుమీద దూడగడ్డి ఎక్కడుంటుందిరా?" అంటే "లేదనేగా దిగివస్తున్నాను" అన్నాడట. ఈ సామెత విన్నప్పుడల్లా మనం వాడి కొంటెతనానికి నవ్వుతాం, వాడి సమయస్ఫూర్తికి నవ్వుతాం. వాడు చేసిన అసలు ఘనకార్యం మాత్రం ఎవరి కంటా పడదు. వాడు ఎక్కినవాడు ఎక్కినట్టే క్షేమంగా నేలమీదికి దిగివచ్చాడు.

మన భాషలో చెట్టెక్కడాన్ని గురించిన మాటలకు కరువులేదు. పొగడ్తలతో ఉబ్బించడాన్ని మునగచెట్టు ఎక్కించడం అంటాం. మునగకొమ్మ ఎంత పెళుసో, కాలు మోపితే ఎట్లా ఫెళ్ళున విరుగుతుందో తెలిసినవాడెవడో పుట్టించిన మాట అది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడొకడున్నాడు. తాడెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తామని విసుక్కునేవాడొకడున్నాడు. ఎక్కడం మీద ఇన్ని మాటలు పుట్టించిన మనవాళ్ళు దిగడం గురించి అంతగా పట్టించుకున్నట్టు కనబడదు. ఆ దిగడాన్ని గురించే నాలుగు మాటలు రాద్దామని ఈ వ్యాసం.

మాది దేశనూరు. బళ్ళారి జిల్లా, సిరుగుప్ప తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు గీత కాగితంమీద పడింది గాని మా నాలుకమీద పడలేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కోపం వస్తే రెండూ. ఆ 1953లోనే తుంగభద్ర నీళ్ళు కాలువలకు వదిలారు. ఆ నీళ్ళ వెంట కృష్ణా గోదావరీ తీరాలనుంచి మావంటి కుటుంబాలు వచ్చి, క్యాంపులు వేసుకొని, నల్లరేగళ్ళను వరిమళ్ళుగా మార్చుకున్నవి. వచ్చినవారు గట్టుమీద మొదట నాటింది కొబ్బరిమొక్క అని మా ఇంట్లో చెప్పుకుంటారు. పుట్టిన ఊరు వెంట తెచ్చుకోవడానికి వీలుకాక, దాని నీడను తెచ్చుకున్నారన్నమాట.

ఆ మొక్కలు ఇప్పుడు చెట్లయినవి. మామూలు చెట్లు గావు, మొవ్వు చూడాలంటే తలపాగా జారిపోయేటంత చెట్లు. నాటినవారు పోయారు. కాయలు మాత్రం ఏటా పండుతూనే ఉన్నవి, వాటిని దింపేవాడే దొరకడం లేదు. మా చుట్టుపక్కల ఈ పని చేసే పెద్దాయన ఒకరున్నారు. తాతలనాటినుంచి ఈతచెట్లు గీచిన కుటుంబం. ఈతచెట్టు ఎక్కడం ఒకరకం విద్య. మట్టలు కొట్టగా మిగిలిన మొదళ్ళు మెట్లలాగా కాలికి తగులుతూ ఉంటవి. కొబ్బరి అట్లా గాదు. నున్నని కంబం. వానపడితే పాచి. అయినా ఆ పెద్దాయన ఆ విద్యనుంచి ఈ విద్యకు మారి, ముప్పయి ఏళ్ళుగా మా అందరి చెట్లూ ఎక్కుతున్నారు.

ఆయనకు ఒక అన్న ఉన్నాడు. ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒక రైతు తోటలో కాయలు దింపుతూ మొవ్వు దగ్గరనుంచి జారిపడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము కిందిభాగం దక్కలేదు. తోట యజమాని మంచివాడే, మొదటి నెల ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. తరువాతి నెలలు ఎవరివి? వదినగారు కూలికి పోతున్నది. పెద్దాయన తన కూలిలో సగం అక్కడ ఇచ్చివస్తాడు. ఆ సగంకోసం తమ్ముడు కూడా అన్న పడినటువంటి చెట్లే ఎక్కుతున్నాడు. సంగతి ఇదీ.

పోయిన సంక్రాంతికి మా అన్నగారి రెండో అబ్బాయి అమెరికానుంచి వచ్చాడు. వాడికి అక్కడ జింకల వేట సరదా పట్టుకున్నది. అక్కడ అది లైసెన్సు తీసుకొని, సర్కారు చెప్పిన రుతువులో, చెప్పినన్ని జంతువుల వరకే చేసుకునే వ్యవహారం. మనకు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది గనుక అటువంటి సరదాలు ఇక్కడ చెల్లవు. వాడు వచ్చింది వేటకు గాదు. కెమెరా పట్టుకొని, ఊరబయటి పెద్ద వేపచెట్టుమీద కూర్చుని, పొలాల్లో దిగే కొంగలనూ పాలపిట్టలనూ ఫోటోలు తీయాలని వాడి కోరిక. అందుకని వేటకు వాడే చెట్టెక్కే సామాను వెంట తెచ్చుకున్నాడు.

ఆ సామాను విప్పి అరుగుమీద పరిచినప్పుడు చూడవలసిందే. పిల్లలు మూగారు. పెద్దాయన కూడా వచ్చి ఒక పక్కగా గొంతుక్కూర్చున్నారు. అందులో ముఖ్యమైనది ఒక వెడల్పాటి పట్టీల కూర్పు. నడుముకూ తొడలకూ చుట్టుకుంటే కూర్చోవడానికి ఉయ్యాలలాగా అమరుతుంది. దాన్ని వాళ్ళు శాడిల్ అంటారట. గుర్రపు జీను అన్నమాట. పాత వేటగాళ్ళు చెట్టుమీద మంచె కట్టుకొని కూర్చునేవారు. ఈ జీను ఉంటే మంచె అక్కరలేదు. చెట్టుకు తాడు చుట్టి, ఆ తాడుకు జీను తగిలించుకొని, పాదాలు మానుకు ఆనించి వెనక్కి వాలి కూర్చోవచ్చు. గంటల తరబడి కూర్చున్నా నడుము పట్టదట.

మరి అంతవరకూ ఎక్కేదెట్లా? దానికి వాడి దగ్గర పది పన్నెండు ఉక్కు బోల్టులున్నవి. అరంగుళం మందం, ఆరంగుళాల పొడవు. చేతిబరమాతో మానులో మూడంగుళాల లోతు తూటు పెడతారు. తూటు లోపలివైపు కాస్త కిందికి వాలేటట్టు చూసుకుంటారు. అట్లా ఉంటే బోల్టుమీద కాలు పెట్టినప్పుడు అది బయటికి జారదు. బయటికి మిగిలిన మూడంగుళాలు మెట్టు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, మోకాలెత్తు దూరంలో ఒక్కొక్కటే దిగగొట్టుకుంటూ పైకి పోతారు. దిగేటప్పుడు పైనుంచి ఒక్కొక్క బోల్టే ఊడబెరుక్కుంటూ వస్తారు. కింద నిలబడి చూస్తే ఆ చెట్టెక్కడానికి దారి ఉన్నదని ఎవరికీ తెలియదు. నిచ్చెన మొయ్యనక్కరలేదు, దొంగకు దారి మిగలదు.

ఇంతవరకు విని పెద్దాయన తల ఊపి, "బాగుండాది నాయనా, అయితే ఈ మేకులు మన తెంకాయచెట్టుకు కొడితే చెట్టు బతుకుతాదా?" అని అడిగారు. అబ్బాయి బదులు చెప్పలేదు. వాడు చదివిన చదువుకు ఆ ప్రశ్న కొత్త. కొబ్బరిచెట్ల మధ్య బతికేవాళ్ళకు అది పాతదే.

వేప, చింత, మామిడి వంటి చెట్లకు బెరడు కింద ఒక పచ్చని పొర ఉంటుంది. మాను ఏటేటా లావెక్కడం దానివల్లనే. గాయమైతే ఆ పొర అంచులనుంచి పెరుగుతూ వచ్చి మెల్లగా మూసేస్తుంది. లోపలి పుచ్చును కూడా చెట్టు తనంత తాను గోడకట్టినట్టు వేరుచేసుకుంటుంది. అందుచేత బలమైన వేపచెట్టు నాలుగైదు తూట్లను తట్టుకుంటుంది. తట్టుకుంటుంది గదా అని ఏటేటా కొత్త తూట్లు పెట్టడం న్యాయం గాదనుకోండి. అమెరికాలో కూడా చాలాచోట్ల ప్రభుత్వ అడవుల్లో చెట్టుకు తూటు పెట్టనివ్వరని అబ్బాయే చెప్పాడు.

కొబ్బరి, తాటి, ఈత జాతుల సంగతి వేరు. వీటికి ఆ పచ్చని పొర లేదు. లోపలంతా పీచుకట్టలు చెదురుగా పరచుకొని ఉంటవి. ఒకసారి గాయమైతే అది చెట్టు ఉన్నన్నాళ్ళూ గాయమే, పూడదు. ఎక్కడానికి వీలుగా ఉంటుందని కొన్నిచోట్ల కొబ్బరిమానుకు గొడ్డలితో మెట్లు చెక్కుతారు. తాత చెక్కిన మెట్టు మనవడి నాటికీ అట్లాగే ఉంటుంది. ఆ గాయాల వాసన పట్టుకొని ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు మానును లోపల్లోపల తొలిచి, బయటికి తెలిసేసరికి చెట్టును చేతికి రాకుండా చేస్తవి. కాబట్టి బోల్టు ఎంత బలమైనదైనా, ఊడబెరికితే ఎంత ఆనవాలు లేకుండా పోయేదైనా, కొబ్బరిచెట్టుకు మాత్రం పనికిరాదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు బదులు అది.

అబ్బాయి వేపచెట్టుకు కూడా బోల్టులు కొట్టకుండా మా నిచ్చెన తాళ్ళతో మానుకు బిగించి ఎక్కాడు. అయితే నా దృష్టి బోల్టులమీద లేదు. వాడు ఎక్కే తీరుమీద ఉన్నది. వాడి నడుమునుంచి రెండు తాళ్ళు వేలాడుతున్నవి. నేలమీద ఉండగానే ఒక తాడు మాను చుట్టూ తిప్పి రెండు పక్కలా నడికట్టుకు తగిలించుకున్నాడు. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు వేసుకునేటటువంటిదే. అడుగడుగుకూ దాన్ని పైకి జరుపుకుంటూ పోయాడు. ఒక కొమ్మ అడ్డం వచ్చింది. మొదటి తాడు విప్పితేగాని దాటలేడు. అప్పుడు రెండో తాడు తీసి కొమ్మకు పైన మానుకు బిగించి, నడికట్టుకు తగిలించుకొని, గుంజి చూసి, ఆ తరువాతనే మొదటిది విప్పాడు. నేలనుంచి కూర్చునే చోటు దాకా, మళ్ళీ అక్కడనుంచి నేలదాకా ఒక్క క్షణంకూడా తాడు లేకుండా లేడు. పైకి చేరి, కూర్చుని, స్థిరపడ్డాక కెమెరా సంచిని సన్నతాడుతో లాక్కున్నాడు. ఎక్కేటప్పుడు చేతిలో గాని భుజాన గాని ఏ బరువూ లేదు.

పెద్దాయన ఇదంతా కళ్ళార్పకుండా చూశారు. తరువాత తన మోకు తెచ్చి అబ్బాయి తాళ్ళ పక్కన పెట్టారు. "నాదీ ఇదే గదా సామీ, నాకు ఒకటే ఉండాది, ఆయప్పకు రెండుండాయి" అన్నారు. ఎంత చదివినా అంత చక్కగా చెప్పలేము. ఈ రెండు విద్యలకూ ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

మోకును తక్కువగా చూడకండి. మాను చుట్టూ, మనిషి నడుము చుట్టూ ఒకే ఉచ్చుగా పోయే ఆ తాడుమీద మనిషి వెనక్కి వాలుతాడు, పాదాలతో మానును ముందుకు తంతాడు. ఆ రెండు బలాల మధ్య నిలుస్తాడు. ఏ ఇంజనీరూ గీసి ఇవ్వని లెక్క అది. రెండు చేతులకూ పని దొరుకుతుంది, కత్తి పట్టుకోవచ్చు. అంటే మోకు పనికోసం పుట్టిన తాడు. పడకుండా ఆపడం దాని చేతిలో లేదు. పాదం జారిందంటే వెనక్కి వాలిన బలం పోతుంది. తాడు వదులవుతుంది. నున్నని మానుమీద అదీ మనిషితోపాటే కిందికి జారుతుంది. మొవ్వు దగ్గరకు చేరి మట్టల్లోకి మారేటప్పుడు మోకు విప్పవలసే వస్తుంది. ఆ గడియలో మనిషిని పట్టి ఉంచేది ఒక మట్ట. ఆ మట్ట పండుమట్ట అయితే అది తనను తానే పట్టుకొని ఉండదు.

పడడం ఎంతసేపటి పని? పది మీటర్ల ఎత్తునుంచి అయితే ఒక సెకనున్నర కూడా పట్టదు. నేల తాకేటప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఇరవై మీటర్లనుంచి అయితే రెండు సెకన్లు, గంటకు 70 కిలోమీటర్ల వేగం. ఈ వ్యవధిలో మనిషి అరవగలడు, అంతకుమించి ఏమీ చెయ్యలేడు. ముప్పయి ఏళ్ళ అనుభవం కూడా ఆ రెండు సెకన్లలో ఏమీ చెయ్యదు. నేర్పు చెట్టుమీద ఉన్నంతసేపే నేర్పు. కాలు జారిన తరువాత కావలసింది తాడు.

తాడు ఉన్నంత మాత్రాన చాలదు, అది బిగువుగా ఉండాలి. ఇది కొంచెం లెక్క. అరవై కిలోల మనిషి వదులుతాడుతో ఒక మీటరు కిందికి జారి, పది సెంటీమీటర్ల దూరంలో ఆగాడనుకోండి. అప్పుడు వాడి నడుముమీదా తాడుమీదా పడే బలం సగటున 660 కిలోల బరువుతో సమానం. తాడు తెగకపోతే పక్కటెముకలు తెగుతవి. అదే తాడు తలకు పైన బిగించి, బిగువుగా పట్టి ఉంచితే, జారినా కాస్త ఊగి ఆగిపోతాడంతే. పాత పగ్గాలనూ, బావిచేదలనూ నమ్ముకోవద్దని చెప్పేది ఇందుకే. బక్కెటను లాగే తాడు మనిషిని ఆపే తాడు గాదు.

రెండో తాడును ఎప్పటికప్పుడు పైకి జరపడం ఎట్లాగని మీరడగవచ్చు. దానికొక ముడి ఉన్నది. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు లోకానికి తెలియజేసినది గనుక ప్రూసిక్ ముడి అంటారు. లావుతాడు చుట్టూ సన్నతాడు ఉచ్చును మూడుసార్లు లోపలినుంచి తిప్పితే ఆ ముడి వస్తుంది. చేత్తో జరిపితే జరుగుతుంది. బరువు పడితే బిగుసుకుంటుంది. అబ్బాయి వేసి చూపించాడు. పెద్దాయన ఒకసారి చూసి, రెండోసారి తాను వేశారు. ఎద్దుల పలుపుకూ బండి పగ్గానికీ లొట్టి ఉట్టికీ ముడివేసిన చేతులు గదా! మావాడికి ఆ ముడి రావడానికి వారం పట్టిందట. పెద్దాయనకు చుట్ట ఆరేలోపల వచ్చింది.

ఈ ఆలోచన మాకే వచ్చిందని గొప్ప చెప్పుకోను. తెలంగాణలో కల్లుగీత చేసేవారు తమ కులదైవం కంఠమహేశ్వరుణ్ణి కాటమయ్య అని కొలుస్తారు. చెట్టెక్కబోయేముందు ఆయన్ను తలచుకుంటారు. అక్కడి తాటిచెట్లనుంచి పడి చనిపోయినవారూ, జన్మంతా మంచాన పడినవారూ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు గీత కార్మికులకు రక్షణ సామాను పంచే పథకం ప్రారంభించారు. దానికి పెట్టిన పేరు 'కాటమయ్య రక్షణ కవచం'. కొండలెక్కేవారి నడికట్టు, తాళ్ళ పద్ధతిని తాటిచెట్టుకు అనువుగా మార్చినది. దేవుడి పేరు పెట్టడం బాగున్నది. తలచుకుంటే కాపాడతాడన్న నమ్మకానికి ఒక తాడు కూడా తోడైతే ఆయన పని కొంత తేలిక.

కొబ్బరికి కేరళవారు మరొక దారి తొక్కారు. కన్ననూరు జిల్లా చెంబేరికి చెందిన ఒక రైతు, ఎం. జె. జోసెఫ్ గారు, ఇనుపచట్రాలు రెండింటితో ఒక ఎక్కుడు యంత్రం చేశారు. ఒక్కొక్క చట్రానికీ ఇనుపతీగ ఉచ్చు. అది మానును పట్టుకుంటుంది. కుడికాలి చట్రం ఎత్తి పైన బిగించి దానిమీద నిలబడితే, ఎడమకాలి చట్రం వదులవుతుంది. మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కిపోవచ్చు. చెట్టుకు గాటు పడదు. దీనికి తరువాత పడిపోకుండా ఆపే నడికట్టు కూడా జతచేశారు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళలో 'కొబ్బరిచెట్టు నేస్తాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఈ యంత్రంమీద యువకులకు శిక్షణ మొదలుపెట్టింది. ఆడవాళ్ళు కూడా నేర్చుకొని జీవనోపాధి చేసుకున్నారు. చెట్లెక్కేవారికోసం ఆ మండలి 'కేర సురక్ష' పేరుతో ప్రమాదభీమా పథకం కూడా నడిపింది.

ఈ సంగతులన్నీ తెలుసుకున్నాక మేము మా మట్టుకు ఒక ఏర్పాటు చేసుకున్నాం. కట్టడాల పనివారికి సామాను అమ్మే బళ్ళారి దుకాణంలో తొడలకూ భుజాలకూ పట్టీలున్న మంచి నడికట్టు ఒకటి, లావుతాడు ఒకటి, ముడికి సన్నతాడు, మూత దానంతటదే బిగుసుకునే ఉక్కు కొక్కేలు నాలుగు కొన్నాం. నడుముకొక్కటే ఉండే బెల్టు వద్దన్నాను. పడి ఆగినప్పుడు బలమంతా పొట్టమీదే పడుతుంది. మొత్తం వెల రెండు మూడు బస్తాల వడ్లకు మించలేదు. మా పది చెట్లకూ దింపుడు కూలి ఏడాదికి అంతే అవుతుంది.

పెద్దాయన దాన్ని వేసుకొని మొదట ఎక్కింది మనిషెత్తు మాత్రమే. అక్కడ కావాలని కాళ్ళు వదిలేసి, తాడుకు వేలాడి చూసుకున్నారు. పిల్లలు కేకలు వేశారు. అట్లా పదిసార్లు చేశాకనే పైకి పోయారు. మోకు మామూలుగానే ఉన్నది. దానికి పైన రెండో తాడు. మొవ్వు చేరాక, మోకు విప్పకముందే, మట్టల కింద మానుకు రెండో తాడు బిగించి కొక్కెం తగిలించారు. కత్తి ఆ తరువాత సన్నతాడుమీద పైకి పోయింది. ఇంతకుముందు కత్తి ఆయన నడుమునే ఉండేది. పడినవాణ్ణి నేలకంటె ముందు కత్తి తాకిన సంగతులు ఆయనకు తెలుసు.

పాఠకులలో చెట్లున్నవారికోసం మరికొన్ని మాటలు. ఎక్కేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. తేనెపట్టు, కందిరీగల గూడు ఉంటే ఆ రోజు పని మానుకోవాలి. కుట్టించుకుంటూ చేతులు పట్టు నిలుపుకున్నవాడు లేడు. కరెంటు తీగ మట్టకు దగ్గరగా పోతుంటే లైను ఆపించినదాకా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. తడిమట్ట తీగకు తగిలితే తాడు కాపాడదు. వాన వెలిసిన పూట పాచిమానుతో పని పెట్టుకోవద్దు. కాయ పడేచోటికి దూరంగా కింద ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా ఎక్కడం ఎప్పుడూ పనికిరాదు. తాడు ఆపినా, స్పృహతప్పి కదలకుండా వేలాడుతున్న మనిషి కాళ్ళల్లో నెత్తురు నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే దింపేవారుండాలి. ఒళ్ళు తూలే స్థితిలో ఉన్నవాణ్ణి ఎంత బతిమాలినా ఎక్కించకూడదు. తాడును ఎండలో వదలకూడదు. యూరియా బస్తాల మీదా, పురుగుమందు సీసాల పక్కనా, బ్యాటరీ దగ్గరా పెట్టకూడదు. పైకి బాగానే కనబడుతూ లోపల చచ్చిపోతుంది. ఒకసారి మనిషిని ఆపిన తాడును మళ్ళీ మనిషికి కట్టకూడదు. దాన్ని దూడకు పలుపు చేసుకోండి.

ఇది రాస్తుంటే మా ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన, "ఇన్నేళ్ళూ ఎక్కలేదా, దిగలేదా? ఈ కట్లన్నీ కట్టుకొని ఎక్కితే రోజుకు యాభై చెట్లెక్కేవాడు ముప్పయి కూడా ఎక్కడు" అన్నారు. మాట నిజమే. మొదట్లో ఆలస్యమవుతుంది. మా పెద్దాయనకూ అయింది, రెండు వారాలకు చెయ్యి తిరిగింది. ఎక్కి దిగినవారి మాటంటారా, దిగినవారే గదా మనకు కనబడేది. పడినవారు అరుగులమీదికి వచ్చి చెప్పరు. చెట్టుకింద నిలబడి లెక్కపెట్టేవాడికి కాయలు లెక్క వస్తవి, మనుషులు లెక్క రారు.

మరొక మాట కూడా అన్నారాయన. "వాడి పని వాడిది. వాడి తాడు వాడు కొనుక్కోవాలి." న్యాయంగా వినబడే మాటే. చెట్టు ఎవరిది? కాయ ఎవరిది? పచ్చడి ఎవరింట్లో? చెట్టుకు ఇంతని కూలి ఇచ్చి పిలిచినప్పుడు, ఆ మనిషి మళ్ళీ నేలమీద కాలు పెట్టేదాకా ఆ ఎత్తంతా మనదే. ఒక కూలిమనిషి పడక మంచంమీద ఒక కుటుంబమే పడుకొని ఉంటుంది. పెద్దాయన అన్నగారి ఇంటికి పోయి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

పెద్దాయనకు ఒక కొడుకున్నాడు. "నువ్వు చెట్టెక్కితే ఇంట్లోకి రానియ్యను" అని తండ్రి ఒట్టు పెట్టించుకున్నాడు. వాడు సిరుగుప్పలో ఒక రైసుమిల్లులో పని చేస్తాడు. మొన్న వాడు వచ్చి, తండ్రి పైన ఉండగా కింద నిలబడి రెండో తాడు పట్టి చూశాడు, ముడి అడిగి తెలుసుకున్నాడు. ఎక్కలేదు. ఎక్కుతానని కూడా అనలేదు. పెద్దాయన మాత్రం దిగివచ్చాక, "ఇట్లయితే వాణ్ణి ఎక్కనిచ్చినా ఎక్కనియ్యచ్చు సామీ" అని మెల్లగా అన్నారు. ఒక విద్య ఊళ్ళోనుంచి పోతుందా, ఉంటుందా అన్నది ఒక్కొక్కసారి ఇంత చిన్న వస్తువుమీద ఆధారపడి ఉంటుంది.

మన సంఘంలో కొబ్బరిచెట్టు లేని ఇల్లు తక్కువ. ఇంటికొకటి కొనలేకపోయినా వీధికొకటి, క్యాంపుకొకటి కొని ఉమ్మడిగా ఉంచుకోవచ్చు. పారా పలుగూ ఎక్కడుంటవో అక్కడే, నీడపట్టున, కొక్కేనికి తగిలించండి. కాయలు దింపడానికి ఎవరు వచ్చినా, కూలి మాట్లాడకముందే అది చేతికివ్వండి. ఏటా ఆయుధపూజనాడు నాగళ్ళకూ ట్రాక్టర్లకూ బొట్టు పెడతాం గదా. ఆ రోజున ఆ తాడును కిందికి దించి, ఈ చివరనుంచి ఆ చివరదాకా వేళ్ళతో తడిమి, ఎక్కడైనా పీచు లేచిందేమో, గట్టిపడిందేమో చూసి, బాగున్నదనుకుంటే దానికి కూడా ఒక బొట్టు పెట్టండి.